ఊళ్లో లేనివాడు

హాస్టలు వంటింటి నుంచి

తమ్ముడికి,

అక్క రాసేది. ఫోనులో నువ్వు ఊఁ అనడం తప్ప ఇంకో మాట అనవు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఊఁ అని ఒక్క ముక్క రాసి కవరు అంటించలేవు గదా.

మొన్న సాయంత్రం పిల్లలకు వడ్డన అయ్యాక గదికి వచ్చేసరికి మెట్ల మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఖాకీ చొక్కా, చంకలో తోలు సంచి. బస్సు కండక్టరట. "అత్తా, నేను మీ మేనల్లుడి స్నేహితుణ్ణి. పడుకున్నాడా? లేపండి, నేనొచ్చానని చెప్పండి" అన్నాడు.

నాకేమీ బోధపడలేదు. మన చిన్నోడు నా దగ్గర ఉండటమేమిటి? వాడి పెళ్లయ్యాక ఒక్కసారి వచ్చాడు, అదీ పూటకే. కానీ నా నోటికి ఏం పట్టిందో, "లేడు నాయనా, రాత్రి డ్యూటీ" అనేశాను. మనింటి సంగతి ఎవరైనా గుమ్మంలోకి వచ్చి అడిగితే ముందు దాని మీద మూత పెట్టేయడం మనకు అలవాటు. మూత పెట్టాక గాని గిన్నెలో ఏముందో చూడం.

"వాడి ఫోను మూగబోయింది. మీ తమ్ముణ్ణి అడిగితే, అక్క ఊళ్లో పని దొరికింది, వెళ్లాడన్నారు. నా బండి కొత్తగా ఇటు తిరుగుతోంది కదా అని దిగాను" అన్నాడు. మంచినీళ్లు తాగాడు. వాడికని ఒక చొక్కా ఇచ్చి వెళ్లాడు. నీలం రంగు, గళ్లది. "వాడికి చెప్పండి, తెల్లచొక్కా వేసుకుని తాళాలు బాగుచేసేవాణ్ణి వాణ్ణొక్కణ్ణే చూశాను, ఇకనైనా ఇది వేసుకోమనండి" అన్నాడు.

చొక్కా నా పెట్టెలో ఉంది. చిన్నోడు ఎక్కడున్నాడు? ఎవరితోనైనా గొడవపడ్డాడా? పోలీసులా? వెంటనే రాయి.

మీ అక్క

తాళాల కొట్టు

అక్కకు,

ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. చిన్నోడికి నడుం పట్టేసింది. ఇంట్లోనే ఉంటున్నాడు. కండక్టరుకు నేను ఏదో చెప్పబోతే అతను ఇంకేదో అనుకున్నట్టున్నాడు. మళ్లీ వస్తే రాత్రి డ్యూటీ అనే చెప్పు.

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నూనె రాస్తున్నావా?

తమ్ముడు

హాస్టలు వంటింటి నుంచి

తమ్ముడికి,

నడుం పట్టేసినవాడు నడుం పట్టేసిందని చెప్పుకుంటాడు. ఊరు మారానని చెప్పుకోడు.

చిన్నప్పటి నుంచీ నీది ఒకటే పద్ధతి. అబద్ధం చెప్పిన వెంటనే ఎదుటివాళ్ల ఆరోగ్యం అడుగుతావు. నాన్న గడియారం ఊడదీసి కలపలేకపోయిన రోజు, ఏమీ ఎరగనట్టు వచ్చి ఆయన దగ్గు ఎలా ఉందని అడిగావు. ఆయనకు అసలు దగ్గే లేదు. నా మోకాళ్లు బాగానే ఉన్నాయి. నీ ఉత్తరం చూశాక గుండె బాగాలేదు.

కోడలికి ఫోను చేశాను. "మీ ఆయనకు నడుమెలా ఉందమ్మా" అన్నాను. "ఎవరికి?" అంది. ఫోను పెట్టేసింది. ఆ పిల్లకైనా ముందుగా చెప్పి ఉంచవలసింది.

కండక్టరు మళ్లీ వచ్చాడు. పగటిపూట వచ్చాడు. రాత్రి డ్యూటీ చేసినవాడు పగలు ఇంట్లో పడుకుని ఉండాలి గదా. నాకేం తోచక, ఇవాళ పగలు కూడా ఉండమన్నారు అన్నాను. "వాడికి నా మీద ఏమన్నా కోపమా అత్తా?" అని అడిగాడు. మంచివాడు తమ్ముడూ. నేను ఇట్లాంటివాడికి అబద్ధాలు చెబుతూ కూర్చోలేను. చెప్పాలంటే దేనికి చెబుతున్నానో నాకు తెలియాలి.

మీ అక్క

తాళాల కొట్టు, షట్టరు సగం దించి

అక్కకు,

నాకు రాయడం రాదు. నీకు తెలుసు. అయినా రాస్తున్నాను.

చిన్నోడు ఇంట్లోనే ఉన్నాడు. వెనక గదిలో. గోడవైపు తిరిగి పడుకుంటాడు. నిద్ర కాదు. కళ్లు తెరిచే ఉంటాయి. పలకరిస్తే "ఆఁ నాన్నా" అంటాడు. అంతే. స్నానానికి లేవాలన్నా వాడి వల్ల కాదు. గ్లాసు చేతికిస్తే పట్టుకుని కూర్చుంటాడు. తాగడం మరిచిపోతాడు.

మిల్లు మూతపడిన సంగతి నీకు తెలుసు. అందరికీ పని పోయింది. మాకు పెరిగింది. అద్దె ఇవ్వలేనివాళ్ల ఇళ్లకు యజమానులు తాళాలు మార్పించేవాళ్లు. వాయిదా కట్టలేని కొట్లకు తాళాలు వేయించేవాళ్లు. అందరికీ తాళాలవాడే కావాలి. నాకు చూపు సరిగ్గా ఆనదు. చిన్నోడే వెళ్లేవాడు. వచ్చి డబ్బు బల్ల మీద పెట్టి చేతులు కడుక్కునేవాడు. చాలాసేపు కడుక్కునేవాడు.

ఒక ఇంట్లో ఆ ఖాళీ చేసే ఆయనే వాడికి స్టూలు తెచ్చి వేశాడట. వీడు పాత తాళం విప్పుతుంటే మరలు కింద పడిపోకుండా అరచేతిలో పట్టుకున్నాడట. కొత్తది బిగించేటప్పుడు ఒక్కొక్కటే అందించాడట. తన ఇంటి బయట నిలబడి. చిన్నోడు ఆ సంగతి నవ్వుతూ చెప్పాడు. మా ఇంట్లో మాటలూ నవ్వులూ వాడివే. కొన్నాళ్లకు ఆ నవ్వు పోయింది.

అదే కారణమని నేను అనను. అంతకు ముందునుంచే వాడి కంచంలో అన్నం మిగిలిపోతోంది. చూశాను. అడగలేదు. నాకు అడగడం చేతకాదు.

పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. మనసు డాక్టరు వారానికి ఒకరోజే వస్తాడు. ఆ వరండాలో ఇంతమంది ఉంటారని నేననుకోలేదు. మిల్లువాళ్లే చాలామంది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. డాక్టరు మంచివాడే. ఇది జబ్బే, మందులు వాడితే తగ్గుతుంది, ఆపకూడదు అన్నాడు. మళ్లీ వెళితే మందులు రాలేదన్నారు. బయట కొన్నాం. ఆ తరవాత కొనలేకపోయాం. కోడలు అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది.

ఆ వరండాలో మమ్మల్ని ఎవరో చూశారు. బట్టల షాపాయన కొట్టుకు వచ్చాడు. గోడ మీద ఆయన ఇంటి మారుచెవి ఉంది. నీకు గుర్తుందిగా, గోడ నిండా మేకులు, మేకుకో ఇంటి తాళంచెవి. నాన్న కాలం నుంచీ ఊరివాళ్లు రెండో చెవి మన దగ్గరే ఉంచుతారు. పారేసుకుంటే వచ్చి తీసుకుంటారు. ఆయన నన్ను పక్కకు పిలిచి, "ఏమనుకోకు పెద్దాయనా. మీవాడికి మతి సరిగా లేదంటున్నారు. ఆడపిల్లలున్న ఇల్లు" అన్నాడు. చెవి తీసుకుని వెళ్లిపోయాడు.

తాళాలవాడి దగ్గర నమ్మకం తప్ప ఏముంది అక్కా. వీడి చేతిలో ఊరి ఇళ్లన్నీ ఉన్నాయి. వీడికి మతి లేదని ఒకరంటే రేపు గోడ ఖాళీ. అందుకే చెప్పాను. వాడు ఊళ్లో లేడు, అక్క ఊళ్లో పని దొరికింది, శుభ్రంగా ఉన్నాడు అని. ముందు టీకొట్టావిడకు చెప్పాను. ఆవిడకు చెబితే ఊరందరికీ చెప్పినట్టే.

చిన్నపిల్ల నోరు ఆగదని మనవరాలిని వాళ్ల అమ్మమ్మ ఇంటికి పంపాం. వాళ్ల నాన్న నీ దగ్గరే ఉన్నాడని దానికీ చెప్పాం. కోడలు కూడా ఫ్యాక్టరీకి దగ్గరని అక్కడే ఉంటోంది. సెలవునాడు వచ్చి వెళుతుంది.

నేను కొట్టుకు వచ్చేటప్పుడు ఇంటికి బయట తాళం వేస్తాను. లోపల మనిషి లేడని అందరూ అనుకోవాలి గదా. అన్నం, నీళ్లు మంచం పక్కన పెట్టి వస్తాను. లోపలి గడియలన్నీ ఊడదీశాను. పనిముట్లన్నీ కొట్టుకు తెచ్చేశాను. ఎందుకో రాయలేను. సాయంత్రం తాళం తీసి గుమ్మంలోనే నిలబడతాను. వాడు "ఆఁ నాన్నా" అనేదాకా లోపలికి అడుగు పెట్టలేను.

ఇది చదివి చింపెయ్యి.

తమ్ముడు

హాస్టలు వంటింటి నుంచి

తమ్ముడికి,

పొయ్యి మీద గిన్నె పెట్టి నీ ఉత్తరం విప్పాను. గిన్నె మాడిపోయింది. పిల్లలు ఏమీ అనలేదు. వార్డెను అంది.

నిన్ను తిట్టాలని ఉంది. తిట్టను. ఒరేయ్, బతికున్న కొడుకును ఇంట్లో పెట్టి బయట తాళం వేశావా? అదీ నువ్వు. ఊళ్లో ఎవరి పిల్ల స్నానాలగదిలో చిక్కుకున్నా అన్నం మధ్యలో లేచి వెళ్లేవాడివి.

సరే, అయిపోయింది. ఇప్పుడు నేను చెప్పేది విను. వాణ్ణి నా దగ్గరికి పంపు. చెప్పిన అబద్ధాన్ని నిజం చేసేద్దాం. నాది ఒక్క గదే, కానీ కిటికీ ఉంది. పక్కనే ఆసుపత్రి ఉంది, మా వార్డెను చెల్లెలు అక్కడ నర్సు. నేను మాట్లాడితే వింటాడో లేదో గాని, నా నోరు ఎలాగూ ఊరుకోదు, పక్కన మనిషి ఉన్నట్టయినా ఉంటుంది. చిన్నప్పుడు వాడికి చెవిపోటు వస్తే నా ఒళ్లో పడుకునే కదా నిద్రపోయేవాడు.

మందులు ఆపకు. డబ్బు పంపుతున్నాను. అది నా మోకాళ్ల వైద్యానికి దాచిన డబ్బు, తిరిగి పంపావంటే నా మీద ఒట్టు.

మనవరాలు నాకు ఫోను చేసింది. "నాన్నకివ్వు" అంది. వాళ్ల అమ్మమ్మ నంబరు నొక్కి ఇచ్చిందట. నేను ఏం చెప్పాలి? స్నానం చేస్తున్నాడు అన్నాను. "అయిందాకా ఉంటాను" అంది. ఫోను పట్టుకుని కూర్చుంది తమ్ముడూ. నేనూ పట్టుకుని కూర్చున్నాను. వాళ్ల అమ్మమ్మ వచ్చి తీసుకునేదాకా ఇద్దరం అలా కూర్చున్నాం.

పంపు.

మీ అక్క

తాళాల కొట్టు

అక్కకు,

డబ్బు అందింది. మందులు కొన్నాను.

వాణ్ణి పంపాలనే ఉంది. ఎలా పంపాలో తెలియడం లేదు. వాడు ఎప్పుడో వెళ్లిపోయాడు గదా. వెళ్లిపోయినవాడు మళ్లీ బస్సెక్కి వెళ్లడమేమిటని అడుగుతారు. ఇంట్లోంచి బస్టాండుకు వెళ్లాలంటే బజారంతా దాటాలి. టీకొట్టు దాటాలి. మీ ఊరి బండిలో ఉండేది ఆ కండక్టరే.

తెల్లవారకముందే తీసుకెళదామని ఒకరోజు లేపాను. లేచి కూర్చున్నాడు. చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా పాలవాడు వచ్చాడు. పక్కింటావిడ వాకిలి ఊడవడానికి వచ్చింది. చెప్పులు విప్పమన్నాను. విప్పేశాడు.

మందులతో ఒక రకంగా తేడా ఉంది. నిన్న కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఎండ చూస్తున్నాడు. నాకు సంతోషం కలగాలి. కానీ ఎవరైనా చూస్తారని పరుగున వెళ్లి కిటికీ మూశాను. వాడు నన్ను చూశాడు. వెళ్లి పడుకున్నాడు. గోడవైపు.

కొట్టు బాగా నడవడం లేదు. నా చేత్తో కోసిన చెవులు పట్టడం లేదు. ఇద్దరు ముగ్గురు తిరిగి తెచ్చారు. "మీవాడు ఎప్పుడొస్తాడు పెద్దాయనా?" అంటారు. "అక్కడ బాగా గిట్టుబాటవుతోందట" అంటాను. "అదృష్టవంతుడు, ఈ ఊరి నుంచి బయటపడ్డాడు" అంటారు. మిల్లు మనుషులు ఇద్దరు నీ ఊళ్లో తమకూ పని దొరుకుతుందేమో వాణ్ణి అడగమన్నారు. కనుక్కుంటానన్నాను.

ఇంకో నెల ఆగుదాం. వాడు కాస్త నడిచేలా అయితే, సెలవు మీద వచ్చాడని చెప్పి, మళ్లీ వెళుతున్నాడని పంపవచ్చు.

తమ్ముడు

హాస్టలు వంటింటి నుంచి

తమ్ముడికి,

నువ్వు కోప్పడే పని చేశాను. ముందే చెబుతున్నాను.

నిన్న కండక్టరు వచ్చాడు. ఈసారి చిన్నోడి గురించి అడగలేదు. మెట్ల మీద కూర్చుని, "వాడు ఇక్కడ లేడు కదా అత్తా" అన్నాడు. నేను గిన్నె తోముతూ ఉన్నాను. తోమిన గిన్నెనే మళ్లీ తోమాను.

తరవాత అతనే చెప్పాడు. "మాకో అన్న ఉండేవాడు. టైర్ల కొట్టు. పని తగ్గిందో, పని తగ్గకముందే వాడికి ఓపిక తగ్గిందో తెలియదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. మేం లే లే అని అరిచేవాళ్లం. సోమరిపోతని తిట్టేవాళ్లం. బంధువులకు కామెర్లని చెప్పాం. కామెర్లని చెప్పాం కాబట్టి అందరూ కామెర్ల మందే తెచ్చారు. వాడు అది కూడా తాగాడు, మా పరువు కోసం. ఇప్పుడు లేడు." అలా చెప్పి సంచిలో టిక్కెట్లు సర్దుకున్నాడు. "మీవాడు పోయిన ఏడాది నా పక్కన కూర్చుని టీ తాగకుండా చల్లార్చేసినప్పుడే అనుకున్నాను అత్తా. అడుగుదామనుకునేలోపు ఊళ్లో లేడన్నారు. బతికున్నాడా? అదొక్కటి చెప్పండి, ఇంకేమీ అడగను."

నేను చెప్పేశాను. అంతా చెప్పాను. వెనక గది, బయటి తాళం, అంతా.

మనం ఎవరికి తెలియకూడదని ఇంత దాచామో, ఆ మనిషికే ఇది అందరికంటే ముందు అర్థమయ్యేది. ఈ ఊళ్లో నేనూ, ఆ ఊళ్లో నువ్వూ పడ్డ పాట్లు తలుచుకుంటే నవ్వు వస్తోంది. రావలసింది నవ్వు కాదు.

అతను మీ ఊరి డ్యూటీ పడగానే వచ్చి చిన్నోణ్ణి తన బండిలోనే తీసుకొస్తానన్నాడు. రానివ్వు. తలుపు తియ్యి.

మీ అక్క

తాళాల కొట్టు

అక్కకు,

చెప్పవద్దని రాశాను. చెప్పావు.

అతను కండక్టరు. రోజూ బండిలో ఊరంతా ఎక్కుతుంది. ఒక్కరికి చెప్పినా చాలు. అతను వస్తే అటువంటిదేమీ లేదని చెబుతాను. మా అక్క పెద్దదైపోయింది, ఏదో అంటుంటుందని చెబుతాను.

ఇవాళ తలలో ఒక పక్క బరువుగా ఉంది. ఇంక రాయలేను. నువ్వూ రాయకు.

తమ్ముడు

హాస్టలు వంటింటి నుంచి

తమ్ముడూ,

రాయవద్దన్నావు. రాస్తున్నాను. తిట్టుకో.

నిన్నటి నుంచి నీ ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. కోపమనుకున్నాను. రాత్రి మళ్లీ చేస్తే అసలు మోగలేదు. కోడలి ఫోను ఫ్యాక్టరీలో తాళం వేసి పెడతారట, దొరకలేదు. కండక్టరుకు చెప్పాను. అతనికి ఇవాళ మీ ఊరి డ్యూటీ. దిగగానే చూస్తానన్నాడు.

నాకు భయంగా ఉంది. నువ్వు ఊఁ అన్నా చాలు.

అక్క

పెద్దాసుపత్రి, మంచం మీద నుంచి

అక్కకు,

కుడిచేయి లేవడం లేదు. ఎడమచేత్తో రాస్తున్నాను. రాసినంత రాసి ఆపుతాను, మళ్లీ రాస్తాను.

ఆ ఉత్తరం పోస్టు చేసిన రెండో రోజు కొట్లో కూర్చుని ఉన్నాను. చెవులు అరగదీసే ఆకురాయి చేతిలోంచి జారింది. వంగి తీయబోయాను. లేవలేదు. టీకొట్టావిడ చూసి మనుషుల్ని పిలిచిందట. ఆసుపత్రిలో కళ్లు తెరిచాను. నోరు పనిచేయడం లేదు.

ఇంట్లో చిన్నోడు ఉన్నాడని చెప్పాలి. నోరు రావడం లేదు. నర్సు వచ్చింది. ఎడమచేత్తో తాళం తిప్పినట్టు చూపించాను. మళ్లీ మళ్లీ చూపించాను. ఆ అమ్మాయి నవ్వి, "మీ కొట్టు షట్టరు వేసి తాళం పెట్టారు తాతా, భయం లేదు, పడుకో" అంది. తల అడ్డంగా ఊపాను. "ఇంటికి కూడా తాళం ఉందట, చూసి వచ్చారు" అంది. నిద్రకు సూది వేసింది.

జీవితమంతా తక్కువ మాట్లాడాను. మాట్లాడవలసిన ఒక్కరోజు మాట లేదు.

మర్నాడు మధ్యాహ్నం కండక్టరు వెళ్లాడట. ఇంటికి తాళం ఉంది. నేను చేసిన తాళం. పగలగొట్టడం తేలిక కాదు. అతను తలుపు మీద చేయి వేశాడట. తలుపు మొత్తం కదిలి లోపలికి వాలిందట. తాళం తాళంగానే ఉంది. తలుపును చట్రానికి పట్టే బందుల మేకులు లేవు. లోపలి నుంచి తీసేసి ఉన్నాయి. గడపకు లోపలివైపు వరసగా పేర్చి ఉన్నాయట. చిన్నోడు తలుపు పక్క గోడకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడట. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నీళ్లు ఎప్పుడో అయిపోయాయి.

నా దగ్గరికి తీసుకొచ్చాడు. ఆ పట్టపగలు బజారులో నుంచి. టీకొట్టు ముందు నుంచి. ఊళ్లో లేనివాణ్ణి అందరూ చూశారు.

నాకు అప్పటికి మాట కొంచెం వస్తోంది. మేకులు ఎప్పుడు తీశావని అడిగాను. "చాలా రోజులైంది నాన్నా. రోటి పచ్చడిబండతో కొట్టి తీశాను. పొద్దున్న తీసి సాయంత్రం నువ్వొచ్చేలోపు పెట్టేసేవాణ్ణి" అన్నాడు.

మరి రాలేదేం, అన్నాను.

"ఎక్కడికి రాను? నేను ఊళ్లో లేను కదా."

నిష్ఠూరంగా అనలేదు అక్కా. ఎవరైనా చిరునామా అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

నేను పడిపోయిన రోజు తలుపు బయట మనుషులు మాట్లాడుకున్నారట. పెద్దాయన పడిపోయాడు, బతుకుతాడో లేదో, ఇంట్లో ఎవరూ లేరు, కొడుకు చూస్తే ఎక్కడో ఉన్నాడు, కబురు ఎవరు పంపాలి అని. వాడు లోపల నిలబడి విన్నాడు. తలుపు ఎత్తాడట. మళ్లీ పెట్టేశాడట. మళ్లీ ఎత్తాడట. బయటికి వస్తే నాన్న మాట అబద్ధమైపోతుందని పెట్టేశాడట. ఇంక లేవలేక అక్కడే కూర్చున్నాడట.

నా మాట నిలబెట్టడానికి.

కండక్టరు ఎల్లుండి వాణ్ణి నీ దగ్గరికి తీసుకొస్తాడు. నువ్వు చెప్పకపోతే ఏమయ్యేదో నేను రాయను. నీకు తెలుసు.

తమ్ముడు

హాస్టలు గది నుంచి

తమ్ముడికి,

వచ్చారు. ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని తెచ్చాడు. నీలం చొక్కా ఇచ్చాను. వేసుకోలేదు, పక్కన పెట్టుకున్నాడు.

నీకు తీపి మాటలు రాయను. గోడవైపే పడుకున్నాడు. ఇక్కడి డాక్టరమ్మ మందు మార్చింది, పని చేయడానికి సమయం పడుతుందంది. ఇంకో మాట కూడా అంది. కాస్త ఓపిక వచ్చిన మొదటి రోజుల్లోనే ఎక్కువ కనిపెట్టి ఉండాలట. నేను వంటకు వెళ్లాలి. వెళ్లకపోతే ఇద్దరికీ తిండి లేదు. వార్డెనును అడిగి వాణ్ణి వంటింటి వెనక అరుగు మీద పడుకోబెడుతున్నాను. నేను అటు ఇటు తిరుగుతూ చూస్తుంటాను. హాస్టలు పిల్లలు ఎవరని అడిగారు. మా మేనల్లుడు, మనసుకు జబ్బు చేసిందని చెప్పాను. ఒక పిల్ల, "మా అమ్మకు కూడా" అని చెప్పి కంచం తీసుకుని వెళ్లిపోయింది.

నా గదికి లోపల గడియ ఉంది. తీసేయనా అని ఆలోచించాను. తీయలేదు. వేయవద్దని వాణ్ణి అడిగాను. "ఆఁ అత్తా" అన్నాడు. నాకు నిద్ర లేదు. అది వేరే సంగతి.

నీ చేయి ఎలా ఉంది? ఇది నిజంగానే అడుగుతున్నాను.

అక్క

తాళాల కొట్టు

అక్కకు,

కోడలు తోడుండి కొట్టు తెరిపించింది. నేను కుర్చీలో కూర్చుంటాను. ఫ్యాక్టరీలో రెండు రోజులు పోయినందుకు దాన్ని పనిలోంచి తీసేశారు. ఇప్పుడు చెవులు కోయడం నేర్చుకుంటోంది. వేళ్లు కోసుకుంటోంది.

మొదటిరోజే చాలామంది వచ్చారు. పలకరించడానికి అనుకున్నాను. "మా మారుచెవి ఇస్తారా" అన్నారు. ఇచ్చాను. ఎవరినీ ఎందుకని అడగలేదు. ఒకాయన, "ఇన్నాళ్లూ ఇంట్లో పెట్టుకుని లేడన్నావు. రేపు మా ఇల్లు తీసి తీయలేదనవని ఏమిటి" అన్నాడు. ఆయన చెవి కూడా మేకు నుంచి తీసి ఇచ్చాను. గోడ మీద ఇప్పుడు మేకులే ఉన్నాయి. వాడికి జబ్బని పోయినవి కొన్ని. నేను అబద్ధమాడానని పోయినవే ఎక్కువ.

టీకొట్టావిడ చెవి మాత్రం ఉంది. తీసుకువెళ్లమన్నాను. "నా కొట్లో ఏముంది పట్టుకుపోవడానికి, సొట్టపడ్డ కెటిలు తప్ప" అంది. తరవాత చాలాసేపు తిట్టింది. "నాకు అంత అబద్ధం చెబుతావా, ఊరంతా చెప్పి వచ్చాను నీ కోసం" అంది.

కొత్తవాళ్లు వచ్చి మీవాడు ఏడని అడుగుతున్నారు. మా అక్క ఊళ్లో ఉన్నాడు, మనసుకు జబ్బు చేసింది, మందు వాడుతున్నాడు అంటున్నాను. కొందరు వెళ్లిపోతారు. మిల్లు మనిషి ఒకతను వెళ్లకుండా నిలబడ్డాడు. అందరూ పోయాక, ఆ మనసు డాక్టరు ఏ రోజు వస్తాడు అని మెల్లగా అడిగాడు.

ఈ నెల అద్దె కట్టలేం. కొట్టు యజమాని తాళాలవాణ్ణి వెతుక్కోవలసి వస్తుంది. ఈ ఊళ్లో ఇంకొకడు లేడు. చిన్నోడు వింటే నవ్వేవాడు. ఇప్పుడు చెప్పవద్దు.

అక్కా, ఒకటి అడుగుతాను. సాయంత్రం ఇంటి తలుపు తీసి ఇంకా గుమ్మంలోనే నిలబడిపోతున్నాను. లోపల ఎవరూ లేరని తెలుసు. అయినా "ఆఁ నాన్నా" కోసం ఆగుతాను. పెద్ద ఉత్తరాలు రాయకు. నీకు తీరిక లేదు. రోజూ ఒక కార్డు వెయ్యి. ఒక్క మాట చాలు.

తమ్ముడు

హాస్టలు

తమ్ముడికి,

ఉన్నాడు.

అక్క

హాస్టలు

తమ్ముడికి,

ఉన్నాడు. నిన్న బాగాలేదు, చేయి పట్టుకుని కూర్చున్నాను. ఉన్నాడు.

అక్క

హాస్టలు

తమ్ముడికి,

ఉన్నాడు. మనవరాలితో ఫోనులో మాట్లాడాడు. మాట్లాడలేదు, అది మాట్లాడింది, వీడు విన్నాడు. తరవాత చాలా ఏడ్చాడు. డాక్టరమ్మకు చెబితే ఏడవనీ అంది.

అక్క

హాస్టలు బయట, పోస్టు డబ్బా దగ్గర

నాన్నకు,

అత్తకు మోకాళ్లు పట్టేశాయి. లేవలేకపోతోంది. ఇది నిజం, నడుం నొప్పిలాంటిది కాదు. కార్డు నన్ను వేసి రమ్మంది. ఇక్కడిదాకా రావడానికి చాలాసేపు పట్టింది. రెండుసార్లు వెనక్కి వెళ్లాను.

ఇక్కడ ఎవరో నన్ను దారి అడిగారు. ఈ ఊరేనా మీది అన్నారు. ఆఁ అన్నాను.

రేపటి సంగతి నాకు తెలియదు నాన్నా. ఈ రోజుకి ఉన్నాను.